ఉన్నాయన్నే ఉంచండి

ఆయన పోయాడన్న కబురు నాకు మల్లేశం చెప్పాడు. జగిత్యాల దగ్గర ఊళ్ళో మల్లేశం ఇప్పుడు ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. ఏడాదికి ఏ రెండు మూడుసార్లో ఫోన్ చేస్తాడు. ఎండలు, మోకాళ్ళ నొప్పులు, వడ్ల ధర, అంతకు మించి మా మధ్య మాటలుండవు. ఆ రోజు మాత్రం పలకరింపు కూడా లేకుండా, "సార్, కాక పోయిండంట. అవనిగడ్డ దిక్కు ఎవలో చెప్పిన్రు. మొన్ననే అయిందంట," అన్నాడు.

 తర్వాత మల్లేశమే అన్నాడు: "మంచి మనిషి సార్. గని ఆ చిన్న కోచ్ సంగతొక్కటే..." అని ఆగాడు. ఆ మాట దగ్గర ఆగిపోవడం మల్లేశానికి ఏనాటి నుంచో అలవాటు. అక్కడ మాట మార్చడం నాకూ అలవాటే. "వానలు పడుతున్నాయా?" అని అడిగాను.

పోయిన మనిషి ముఖం గుర్తుకు రావాలి కదా, నాకు ముందు బస్సు ఇంజను మూత గుర్తొచ్చింది. ఖతార్‌లో ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు నుంచి మా కాలేజీకి రోజూ మమ్మల్ని మోసుకెళ్ళే కంపెనీ బస్సు అది. డ్రైవరు పక్కన ఇంజను మీద మూత ఉండేది, పైన చిరిగిన రెక్సిను. మే నెలలో దాని మీద అట్టు వేసుకోవచ్చు. ఆయన దుప్పటి నాలుగు మడతలు పెట్టి దాని మీద పరుచుకుని, రోడ్డుకు వీపు పెట్టి, మా వైపు తిరిగి కూర్చునేవాడు. సీట్లు ఖాళీగా ఉన్నా అక్కడే. "సీట్లో కూర్చుంటే ముందువాడి పెడతల తప్ప ఏం కనపడదయ్యా," అనేవాడు. అందరి ముఖాలూ కనిపిస్తే తప్ప ఆయనకు మాట రాదు. మాట లేకపోతే ఆయనకు ప్రయాణమే లేదు.

పేరు రాయడం లేదు. రాస్తే ఊరుకునే మనిషి కాదు. కోస్తా వాళ్ళం బాబాయ్ అనేవాళ్ళం, తెలంగాణ వాళ్ళు కాకా అనేవారు. దివిసీమ మనిషి, మా కాలేజీలో ఎలక్ట్రీషియన్. జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉండేది. కరెంటుకు దాన్ని ఎంత వాడాడో తెలియదు గాని, వాదనకు మాత్రం తెగ వాడేవాడు. ఎదుటివాడు తప్పు మాట్లాడుతున్నాడనిపిస్తే టెస్టర్ తీసి వాడి చొక్కా గుండీకి ఆనించి, "వీడిలో కరెంటు లేదబ్బా," అని మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. బస్సంతా నవ్వేది. ఆ గుండీ వాడు మాత్రం కారాలు మిరియాలు నూరుతూ కాలేజీ దాకా వెళ్ళేవాడు.

మా కాలేజీ అంటే డిగ్రీలిచ్చేది కాదు. దోహా ఊరి చివర, అక్కడి కుర్రాళ్ళకు వెల్డింగు, మోటార్లు, పంపుల పని నేర్పే చోటు. నేను ఆఫీసులో గుమాస్తాని. మల్లేశం గ్రౌండులో గడ్డికి నీళ్ళు కొట్టేవాడు. కుర్రాళ్ళకు చదువు మీద ఎంత శ్రద్ధ ఉండేదో చెప్పలేను గాని ఫుట్‌బాల్ మాత్రం ప్రాణం పెట్టి ఆడేవారు. గురువారం మధ్యాహ్నంతో మా డ్యూటీ అయిపోయేది, సాయంత్రం మ్యాచ్. స్టాండులో కుర్చీలు దొరలవి, గోలు వెనక ఇసుక దిబ్బ మాది. ఊరికి ఫోన్ చేయాలంటే కార్డు కొనుక్కుని ఫోన్ బూత్ ముందు వరసలో నిలబడే తొంభైలవి. డబ్బులడగకుండా మమ్మల్ని రమ్మన్న వినోదం అదొక్కటే కాబట్టి మేమంతా ఆ టీముకు అభిమానులమైపోయాం. కుర్రాళ్ళ పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. తొమ్మిది, పదకొండు, ఏడు అని చొక్కా మీది నంబర్లతోనే ప్రేమించేవాళ్ళం.

అభిమానం అన్నాక అభిప్రాయం ఉండాలి. మా బస్సులో ముప్ఫై మంది ఉంటే నలభై అభిప్రాయాలుండేవి. మాలో ఒక్కడు కూడా చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడిన పాపాన పోలేదు. మల్లేశం కబడ్డీ మనిషి. నరసాపురం నుంచి వచ్చిన ప్లంబరు యేసుపాదం వాలీబాల్ మనిషి. వాళ్ళకు తెలిసిన ఆట నుంచే వాళ్ళు ఈ ఆటకు తీర్పులు చెప్పేవారు. మా టీముకు ఇద్దరు కోచ్‌లు. ఈజిప్టు నుంచి వచ్చిన పెద్ద కోచ్ అందరికీ పైన. గోల్స్ కొట్టే వాళ్ళకు, అంటే ఎటాక్‌కు, ఒక చిన్న కోచ్, సూడాన్ ఆయన, పేరు ఉస్మాన్. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. గట్టిగా అరవడం చేతకాదు. కుర్రాడు తప్పు చేస్తే భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళేవాడు.

ఆ సీజనులో మా టీముకు గోల్స్ పడటం మానేశాయి. ఉస్మాన్ పద్ధతి ఏమిటంటే, ముందున్న తొమ్మిదో నంబరు వెనక్కి పరిగెత్తుకుంటూ రావాలి. వాణ్ణి పట్టుకోవడానికి అవతలివాళ్ళూ వెంట వస్తారు. అప్పుడు ఖాళీ అయిన చోటికి పదకొండు దూరాలి. చెప్పడానికి బాగానే ఉండేది. తొమ్మిది వెనక్కి వచ్చేవాడు, అవతలివాళ్ళూ వచ్చేవారు, పదకొండు మాత్రం నిలబడి చూసేవాడు.

"ఎటాక్ అంటే ముందుకెళ్ళడం అండీ," అని యేసుపాదం బస్సు కడ్డీ పట్టుకుని లేచి నిలబడేవాడు. "వీడు వెనక్కి రమ్మంటాడేంటి? ఊరికే జీతం తింటన్నాడు. మార్చెయ్యాలి."

"ముందుకు పోయినోడు ఎన్కకు రావాలె గదనే!" అని మల్లేశం అందుకునేవాడు. "కూతకు పోయి ఆన్నే నిలవడ్తవా? మా ఊళ్ళె అయితే కాళ్ళు గుంజి పండవెడ్తరు. చిన్న కోచ్ చెప్పిందే కరెక్టు."

కబడ్డీ లెక్కన ఉస్మాన్‌ను సమర్థించిన మనిషి ఈ లోకంలో మల్లేశం ఒక్కడే అయి ఉంటాడు.

ఆ తర్వాత అందరూ ఇంజను మూత వైపు చూసేవారు. ఆయన తొందరపడేవాడు కాదు. అద్దం మీద పేరుకున్న దుమ్ములో టెస్టర్ మొనతో గ్రౌండు గీసి, చుక్కలు పెట్టి, బాణాలు వేసి, మాకెవరికీ అర్థం కాని బొమ్మ ఒకటి తయారుచేసి, చివరికి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పేవాడు: "ఉన్నాయన్నే ఉంచండి."

అదీ ఆయన సిద్ధాంతం. నేను చేరక ముందు కూడా అదే సిద్ధాంతమట. ఏ కోచ్‌ను మార్చాలన్నా ఆయన ఒప్పుకునేవాడు కాదు. నిన్నటిదాకా తాను వెనకేసుకొచ్చిన కోచ్‌ను కాలేజీ తీసేసి కొత్తవాణ్ణి తెస్తే, మర్నాటి నుంచి ఆ కొత్తవాణ్ణి వెనకేసుకొచ్చేవాడు. ఇదేం న్యాయమని ఒకసారి నేనే అడిగాను.

"మీరు మార్చడం మార్చడం అంటారేవిటయ్యా, అదేవన్నా బల్బా?" అన్నాడు. "మన ఊళ్ళో మేష్టార్ని మారిస్తే పక్కూరికి వెళ్తాడు. ఇక్కడ మనిషిని మారిస్తే వీసా క్యాన్సిల్. మంచం, పెట్టె, పాస్‌పోర్టు, విమానం. మీరు గోలు రాలేదని అంటున్నారు. వాడికి బతుకు పోతుంది."

 మాలో ప్రతివాడికీ ఆ భయం పక్కలోనే పడుకునేది. ఏ రోజు సూపర్‌వైజర్ పిలిచి ఖలాస్ అంటాడో తెలియదు. యేసుపాదం కూడా కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మా బస్సంతా మెల్లిమెల్లిగా ఉస్మాన్ పక్షానికి వచ్చేసింది. గురువారం సాయంత్రం ఉస్మాన్ గ్రౌండులోకి వస్తే దిబ్బ మీద మేం ఈలలు వేసి చప్పట్లు కొట్టేవాళ్ళం. మమ్మల్ని చూసి స్టాండులో విద్యార్థులూ కొట్టేవారు. గోల్స్ రాని ఎటాక్ కోచ్‌కు అంత మర్యాద ఇంకెక్కడా దక్కి ఉండదు.

మ్యాచ్‌లప్పుడు ఆయన మాతో దిబ్బ మీద ఉండేవాడు కాదు. ఫ్లడ్‌లైట్ల ప్యానెల్ బోర్డు కోచ్‌లు కూర్చునే బెంచీ వెనకే ఉండేది. డ్యూటీ అక్కడ. అలా ఉస్మాన్‌కూ ఆయనకూ స్నేహం కుదిరింది. ప్రాక్టీసు లేని సాయంత్రాల్లో ఇద్దరూ ఆ ప్యానెల్ గది మెట్టు మీద కూర్చుని ఉస్మాన్ ఫ్లాస్కులోంచి టీ పోసుకుని తాగేవారు. ఈయన అరబ్బీ, ఆయన హిందీ, రెండూ సగం సగం. ఒకసారి పక్కన నిలబడి విన్నాను. ఉస్మాన్ వాళ్ళ ఊళ్ళో నైలు నది వరద తీశాక పొలంలో మిగిలే ఒండ్రు గురించి చెబుతున్నాడు. ఈయన కృష్ణ పాయల గురించి చెబుతున్నాడు. ఏటి ఊసే లేని దేశంలో కూర్చుని ఇద్దరూ నీళ్ళు ఎంత ఎత్తు వచ్చేవో చేతులతో చూపించుకుంటున్నారు. నేను వచ్చినా పట్టించుకోలేదు.

ఇక అసలు సంగతి.

ఒక సోమవారం నేను ఆఫీసులో జిరాక్స్ గదిలో ఉంటే ఆయన నిచ్చెన పట్టుకుని వచ్చాడు. తలుపు మూశాడు. నిచ్చెన వేసి, బాగానే వెలుగుతున్న ట్యూబులైటు విప్పి చేతిలో పట్టుకుని, అలాగే పైన నిలబడి, "నీ ఒక్కడికే చెబుతున్నానోయ్," అన్నాడు. రహస్యాలంటే ఆయనకు మహా సరదా. మెస్సులో రేపు చేపల పులుసు అన్న సంగతి కూడా పక్కకు పిలిచి చెప్పేవాడు. అలాంటిదే అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఉస్మాన్ తండ్రికి మతిమరుపు వచ్చింది. ఇంటి నుంచి టేపు వచ్చింది. అప్పట్లో ఉత్తరం బదులు క్యాసెట్టులో మాట్లాడి పంపుకునేవారు. అందులో అక్క, "నాన్నా, ఉస్మాన్‌తో ఏమన్నా మాట్లాడు," అంటే, ముసలాయన గొంతు, "ఏ ఉస్మాన్?" అని అడిగింది.  ఉస్మాన్ ఆ టేపును ప్యానెల్ గదిలో ఈయనకు వినిపించాడు. పూర్తిగా మరిచిపోకముందే వెళ్ళి ఎదురుగా నిలబడాలి. అంతే అతని కోరిక.

సెలవు అడిగితే కప్పు పోటీలు అయ్యాక ఇన్షా అల్లా అన్నారు కాలేజీ వాళ్ళు. ఉద్యోగం మానేస్తానంటే, సీజను మధ్యలో కుదరదు, ఒప్పందం ఉంది అన్నారు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర, దేశం దాటడానికి కావలసిన సంతకమూ వాళ్ళదే. అక్కడ మనిషి తనంతట తాను వెళ్ళాలంటే నెలలు. వాళ్ళే పంపించెయ్యాలనుకుంటే మాత్రం అంతా వారంలో అయిపోతుంది, టికెట్టుతో సహా.

"మరి తీసెయ్యొచ్చుగా? గోల్స్ కూడా రావడం లేదుగా?" అన్నాను.

"అదేనయ్యా నా ఖర్మ," అన్నాడు నిచ్చెన మీద నుంచి. "ముదీర్ తీసేద్దామనే అనుకున్నాడు. మొన్న మ్యాచ్ అయ్యాక బెంచీ దగ్గర పెద్ద కోచ్‌తో అంటుంటే విన్నాను. ఎటాక్ కోచ్‌ను మారుద్దాం గాని, ఆ దిబ్బ మీద కూలీల దగ్గర్నుంచి మన కుర్రాళ్ళ దాకా వాడంటే పడి చస్తున్నారు, ఇప్పుడు తీసేస్తే గోల చేస్తారు, అతిథుల ముందు మర్యాద పోతుంది, సీజను అయిపోనీ అన్నాడు."

ముదీర్ అంటే కాలేజీ పెద్ద. నాకు సంగతి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఉస్మాన్ ఇంటికి వెళ్ళకుండా అడ్డం పడుతున్నది మా చప్పట్లు. ఆ చప్పట్లు కొట్టించింది ఈయన. రోజూ బస్సులో ఇంజను మూత మీద కూర్చుని, దుమ్ములో బొమ్మలు గీసి, మా అందరినీ ఉస్మాన్ పక్షం చేసింది ఈయనే.

"గురువారం నేను దిబ్బ మీదికి వస్తా," అన్నాడు. "నేను అరుస్తా. నువ్వు బిత్తరపోకు. రెండోసారికి నువ్వూ అందుకో. నువ్వు అందుకుంటే మిగతావాళ్ళూ అందుకుంటారు. ఇది మన మధ్యే ఉండాలి. కావాలని తీసేయించుకున్నాడని ఆఫీసుకు తెలిసిందా, ఆ మనిషిని ఇంకో ఏడాది కూర్చోబెడతారు. ఎప్పటికీ ఎవరికీ చెప్పకు."

"మీ పరువేమవుతుంది బాబాయ్? బస్సులో మొహం ఎలా చూపిస్తారు?"

ఆయన ట్యూబులైటు బిగించాడు. అది రెండుసార్లు మినుకుమని వెలిగింది. "అదే ఆలోచిస్తున్నా," అన్నాడు. నిజంగానే అదే ఆలోచిస్తున్నట్టు కనిపించాడు. ఆ బస్సులో ఆ మూత మీద కూర్చుని చెప్పే మాటకు ఉన్న విలువ తప్ప ఆ దేశంలో ఆయనకంటూ ఇంకేమీ లేదు.

ముప్ఫై మందిలో ఆ రహస్యం మోయడానికి నన్నొక్కణ్ణే ఎంచుకున్నందుకు నాకు లోలోపల గర్వంగానే ఉంది. చదువుకున్నవాణ్ణి, ఆఫీసులో పనిచేసేవాణ్ణి, నోరు కట్టుకోగలిగినవాణ్ణి అని గుర్తించాడనుకున్నాను.

గురువారం వేరే కాలేజీతో మ్యాచ్. స్టాండులో అతిథులు, ముదీర్ మధ్యలో తెల్లటి అంగీలో కూర్చున్నాడు. బాబాయ్ దీపాలు తొందరగా వెలిగించేసి, ఎన్నడూ లేనిది, ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే దిబ్బ ఎక్కి వచ్చాడు. యేసుపాదం జరిగి చోటిచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అప్పుడు నాకది వింతగా తోచలేదు.

మొదటి సగంలో అవతలివాళ్ళు మా మీద రెండు గోల్స్ కొట్టారు. రెండో సగం మొదలై కొంచెంసేపు కాగానే ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు: "ముదర్రిబ్ బర్రా!" కోచ్ బయటికి అని.

జీవితంలో ఏ కోచ్‌నూ తీసెయ్యమనని మనిషి గొంతు అది. అరుపు వచ్చింది గాని చివర వణికింది. నేను ఒప్పుకున్న ప్రకారం రెండోసారికి లేచి అందుకున్నాను. ఆ మరుక్షణం నా చుట్టూ దిబ్బంతా లేచింది. మల్లేశం, యేసుపాదం, అందరూ. "ఉస్మాన్ బర్రా! ఉస్మాన్ బర్రా!" నా గొంతుకు అంత బలం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

స్టాండులో విద్యార్థులు మొదట నోరెళ్ళబెట్టి చూశారు. తర్వాత వాళ్ళకూ ఊపు వచ్చింది. ముదీర్ పక్కనున్న అతిథి ఏదో అడిగాడు. ముదీర్ ముఖం ఎర్రబడటం అంత దూరం నుంచి కూడా కనిపించింది.

సరిగ్గా అప్పుడే మా కొంప ముంచుతూ తొమ్మిదో నంబరు వెనక్కి పరిగెత్తాడు. ఇద్దరు వాడి వెంట వచ్చారు. ఆ సీజనంతా నిలబడి చూసిన పదకొండు, ఆ రోజు మాత్రం, ఆ ఖాళీలోకి దూరాడు. బంతి వచ్చింది. కొట్టాడు. గోల్. ఉస్మాన్ నెలల తరబడి చెబుతున్న గోల్ అది, గీత గీసినట్టు పడింది.

దిబ్బ మీద అరుపులు టక్కున ఆగిపోయాయి. అంత అందమైన గోల్ చూసి కూడా చప్పట్లు కొట్టలేక అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇసుక పడిందో ఏమో. మళ్ళీ చేతులు నోటికి పెట్టుకుని, ఈసారి వణక్కుండా, "బర్రా!" అని అరిచాడు. మేమూ అందుకున్నాం. గోల్ కొట్టించినవాణ్ణి గోల్ పడిన నిమిషంలోనే తీసెయ్యమని అరిచిన జనం మేము. బెంచీ దగ్గర ఉస్మాన్ లేచి నిలబడి, తన వైపు తిరిగి చప్పట్లు కొడుతున్న పదకొండో నంబరు వైపు చెయ్యెత్తాడు. తర్వాత దిబ్బ వైపు ఒకసారి చూసి కూర్చున్నాడు.

మ్యాచ్ ఓడిపోయాం. శనివారం ఉస్మాన్‌ను తీసేశారు.

అతను వెళ్ళే రోజున ఆయన వీడ్కోలుకు పోలేదు. పోతే అనుమానం వస్తుందన్నాడు. మధ్యాహ్నం భగభగ ఎండలో కాలేజీ వ్యాను ఉస్మాన్‌ను, అతని పెట్టెనూ ఎక్కించుకుని గ్రౌండు పక్క రోడ్డు మీదుగా బయల్దేరింది. అప్పుడు చూశాను, నాలుగు స్తంభాల మీద ఫ్లడ్‌లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఆ దీపాలు స్విచ్ వెయ్యగానే వెలిగేవి కావు. మొదట నీలంగా, తర్వాత మెల్లిగా తెల్లబడి, పూర్తి వెలుగు రావడానికి టైము పట్టేది. అంటే వ్యాను బయల్దేరక చాలా ముందే వేసి పెట్టుకున్నాడు. ఎండలో ఆ వెలుగు ఎవరికీ పనికిరాలేదు. వ్యాను గేటు దగ్గర కాస్త నెమ్మదించినట్టు అనిపించింది, తర్వాత వెళ్ళిపోయింది. సూపర్‌వైజర్ కేకలేస్తూ వస్తే ప్యానెల్ గది మెట్టు మీద కూర్చుని, "టెస్టింగ్ సార్," అన్నాడు.

మర్నాడు బస్సులో ఆయన ఇంజను మూత మీద కూర్చోలేదు. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూశాడు. దుప్పటి మడతలు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ మూత అలా ఖాళీగా ఉండటం నేను చూడలేకపోయాను. ఏదో ఒకటి అనాలి, ఎలా అనాలో తెలియలేదు. అంతలో మల్లేశం అన్నాడు:

"ఏం కాకా, చిన్న కోచ్‌ను ఎల్లగొట్టిచ్చి ఇప్పుడు ఎన్క కూసున్నవా? ముందుకు రా. మమ్ముల జూసుకుంట జవాబు చెప్పు."

తిడుతున్నాడనే అనుకున్నాను. ఆయనా అలాగే అనుకున్నట్టుంది, తల దించుకునే ముందుకు వచ్చి, దుప్పటి పరిచి కూర్చున్నాడు. ఇక వరసగా దులిపేశారు. అన్యాయం అన్నారు, మాట తప్పావన్నారు.  అయితే ఒక్క విషయం నాకు అంతుపట్టలేదు. మార్చెయ్యాలని సీజనంతా గొంతు చించుకున్న యేసుపాదం, చివరికి తన మాటే నెగ్గినప్పుడు, నేను ముందే చెప్పానా అని ఒక్కసారైనా అనలేదు. ఆ అవకాశం వదులుకునే రకం కాదు అతను.

వారం తిరిగేసరికి కొత్త ఎటాక్ కోచ్ వచ్చాడు. తొమ్మిదిని వెనక్కి రానివ్వలేదు. గోల్స్ అయినా రాలేదు. యేసుపాదం కడ్డీ పట్టుకుని లేచాడు. "వీణ్ణీ మార్చెయ్యాలండీ." అందరూ ఇంజను మూత వైపు చూశారు. ఆయన అటూ ఇటూ చూసి, టెస్టర్ తీసి, అద్దం మీద దుమ్ములో గ్రౌండు గీయడం మొదలుపెట్టాడు. "ఉన్నాయన్నే ఉంచండి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మళ్ళీ వాదన మొదలైంది.

కొన్ని నెలలకు ఒక సూడాన్ వాచ్‌మన్ ద్వారా కబురు వచ్చింది. ఉస్మాన్ ఇంటికి చేరిన మొదటి రోజు తండ్రి అతన్ని తమ్ముడి పేరుతో పిలిచాడట. రెండో రోజూ అంతే. తర్వాత ఒక పొద్దున, టీ గ్లాసు అందుకుంటూ, "ఉస్మాన్, ఎప్పుడొచ్చావు?" అన్నాడట. ఆ ఒక్కసారే. ఆ సంగతి కూడా ఆయన నాకు జిరాక్స్ గదిలో, తలుపు మూసే చెప్పాడు. చెప్పి, చేతిలోని ట్యూబులైటు వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నేను అక్కడి నుంచి వచ్చేసేదాకా ఆయనలో అలాంటి సంతోషం మళ్ళీ చూడలేదు. నేను వచ్చేశాక కూడా ఆయన మరో నాలుగేళ్ళు అక్కడే ఉన్నాడు. ఆ నాలుగేళ్ళూ ఎవరో ఒకరు చిన్న కోచ్ సంగతి ఎత్తి దెప్పుతూనే ఉన్నారట. ఆయన పడ్డాడు.

మొన్న ఫోన్‌లో మల్లేశం వానల గురించి చెప్పాక పెట్టెయ్యబోయాడు. మనిషే పోయాక ఇంకా ఆ నింద ఎందుకు మిగలాలి అనిపించింది. ఆగమన్నాను. అంతా చెప్పాను: టేపు, ముదీర్ మాట, నిచ్చెన, ట్యూబులైటు. "ఆయన మాట తప్పలేదు మల్లేశం. పరువు వదులుకుని ఆ మనిషిని ఇంటికి పంపించాడు. నా ఒక్కడికే చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. అందుకే ఇన్నేళ్ళూ చెప్పలేదు," అన్నాను. 

అవతల మల్లేశం తలుపు మూసిన చప్పుడు వినిపించింది. 

"సార్," అన్నాడు చివరికి. "నేను గ్రౌండ్ల నీళ్ళు గొడ్తుంటే కాక అచ్చిండు. పంపు బంద్ చేపిచ్చిండు. నీ ఒక్కనికే చెప్తున్న మల్లేశం, నువ్వు అందుకుంటే మిగతోళ్ళు అందుకుంటరు అన్నడు. మీకు అసలే చెప్పద్దన్నడు, ఆఫీసు మనిషి అని."

 దిబ్బంతా ఒక్కసారే లేచిన ఆ అరుపు మళ్ళీ చెవుల్లో పడింది.

"మరి అన్నేళ్ళూ బస్సులో ఆయన్ని అట్లా దెప్పావేంటి?"

"నేను గమ్మున్నుంటే నాకు తెల్సని మీకు అనుమానం రాదా సార్?"

"యేసుపాదానికి తెలుసా? మిగతావాళ్ళకి?"

"ఏమో సార్. ఎవ్వల్ని అడగలే," అన్నాడు మల్లేశం. "అడిగితే చెప్పినట్టే అయితది గద."